బడికి వెళ్లని కనకమ్మ గారు కట్టిన బడి

ఆడపిల్లకు అక్షరం ఒక్కటే చాలదు, చేతిలో ఒక పని కూడా ఉండాలి అని ఈ రోజుల్లో సభల్లో అందరూ అంటున్నారు. ఆ పని చేసి చూపించిన వారు మాత్రం ఎందరో లేరు. నెల్లూరులో 1952లో స్త్రీల కోసం పారిశ్రామిక శిక్షణాలయం తెరిచి, చాపలు, బుట్టలు అల్లడం, నూలు వడకడం, కలంకారీ అద్దకం నేర్పించిన పొణకా కనకమ్మ గారు ఆ కొద్దిమందిలో ఒకరు. అప్పటికి ఆమెకు అరవై ఏళ్లు. తాను మాత్రం చిన్ననాడు బడిలో కూర్చుని చదివిన మనిషి కాదు.

కనకమ్మ గారు 1892 జూన్ 10న పెన్న ఒడ్డున మినగల్లులో, కలిగిన రైతు కుటుంబంలో జన్మించారు. తండ్రి మరుపూరు కొండారెడ్డి గారు. ఆటపాటల ఈడు దాటకముందే మేనమామ పొణకా సుబ్బరామిరెడ్డి గారితో వివాహమైంది. పొట్లపూడి అత్తవారి ఊరైంది. పెద్దింటి కోడళ్లు వీధిలోకి రాని కాలమది. ఇంట్లోనే పుస్తకాలు తెప్పించుకుని తెలుగు, సంస్కృతం అభ్యసించారు. తరువాత హిందీ పట్టుబడింది. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మ గారితో కలిసి జంటగా పద్యాలు చెప్పారు. తాను పడ్డ పాట్లు ఊరిలోని ఇతరులు పడకూడదనుకున్నారో ఏమో, పొట్లపూడిలో సుజనరంజనీ సమాజాన్ని, వివేకానంద గ్రంథాలయాన్ని నెలకొల్పడంలో ముందు నిలిచారు. ఒక పల్లెటూరిలో, అదీ ఒక ఇల్లాలి పూనికతో గ్రంథాలయం వెలియడం ఆనాటికి చిన్న విషయం కాదు.

తొలుత ఆమె మనసు తిలక్ మార్గం వైపు మొగ్గింది. గాంధీజీ పిలుపుతో రాట్నం వైపు మళ్లింది. నెల్లూరుకు చేరువలో పెన్న గట్టున ఉన్న పల్లిపాడులో చతుర్వేదుల వెంకటకృష్ణయ్య, దిగుమర్తి హనుమంతరావు గార్లు పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని తలపెట్టినప్పుడు, దానికి కావలసిన 13 ఎకరాల భూమిని కనకమ్మ గారు సమకూర్చారు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ఆశ్రమాన్ని ప్రారంభించారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి తోడు నిలిచిన పార్శీ రుస్తుంజీ గారి విరాళంతో అక్కడ భవనం లేచింది. వడకడం, నేయడం ఆశ్రమవాసులకు నిత్యకృత్యాలు.

రెండేళ్లు గడిచాక 1923లో ఆమె నెల్లూరులో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. బందరులో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతో పాటు చేతిపనులు నేర్పి అప్పటికే దారి చూపింది. అయితే అది ప్రధానంగా మగపిల్లల లోకం. ఆడపిల్లను వీధి బడికి పంపడానికే తల్లిదండ్రులు వెనుకాడే నెల్లూరులో ఇలాంటి విద్యాలయం నడపాలంటే ఇల్లిల్లూ తిరగాలి, చందాలు అడగాలి, మాటలు పడాలి. ఆ కష్టం ఆమె పడ్డారు. 1929 మే నెలలో గాంధీజీ నెల్లూరు వచ్చినప్పుడు విద్యాలయ భవనానికి శంకుస్థాపన చేశారు.

మరుసటి ఏడే ఉప్పు సత్యాగ్రహం. పల్లిపాడు ఆశ్రమం శిబిరమైంది. మైపాడు తీరంలో ఉప్పు వండారు. ఈ ఉద్యమాల్లో కనకమ్మ గారు రెండుమార్లు అరెస్టయి రాయవేలూరు జైలులో శిక్ష అనుభవించారు. జమీందారీ రైతుల పోరాటానికి, జమీన్ రైతు పత్రికకు అండగా నిలిచారు. ఆస్తి కరిగింది. ఒక్కగానొక్క కుమార్తె వెంకటసుబ్బమ్మ చిన్న వయసులోనే కన్నుమూసింది. ఆ దుఃఖంలో ఆమె అరుణాచలంలో రమణ మహర్షిని ఆశ్రయించారు. మరొకరైతే అక్కడే ఉండిపోయేవారు. ఆమె తిరిగి నెల్లూరు బడి పనుల్లోకే వచ్చారు.

ఇంతలో దేశంలో పనితో కూడిన చదువు పెద్ద చర్చకు వచ్చింది. 1937 అక్టోబరులో వార్ధాలో విద్యావేత్తల మహాసభ జరిగింది. డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక సంఘం పాఠ్యప్రణాళిక తయారుచేసింది. ఒక చేతివృత్తిని ఆధారం చేసుకుని అన్ని పాఠాలూ చెప్పాలన్నది సారాంశం. పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో ఉపాధ్యాయుల జీతాలు గడవాలన్న అంశం మీద మాత్రం గట్టి విమర్శ వచ్చింది. బడి కాస్తా కార్ఖానా అవుతుందేమోనని భయపడ్డవారున్నారు. ఆ భయంలో న్యాయం లేకపోలేదు.

నెల్లూరులో 1952లో తెరిచిన శిక్షణాలయానికి ఆ చిక్కు లేదు. అది పనిపాటలు కావలసిన స్త్రీల కోసం పెట్టింది. భర్త పోయినా, భర్త వదిలేసినా పుట్టింటి మీద పడి ఉండడం తప్ప వేరే దారిలేని ఆడవారు ఆనాడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఎంచుకున్న పనులు చూస్తే ఆలోచన అర్థమవుతుంది. తుంగ, తాటాకు ఈ తీరప్రాంతంలో కొదవలేని సరుకు. పెద్ద యంత్రాలు అక్కరలేదు, ఇంటి వసారాలో కూర్చుని చేసుకోవచ్చు. చాప, బుట్ట ఏ సంతలోనైనా అమ్ముడుపోతాయి.

నూలుకు మరో ఏర్పాటు అంతకుముందే ఉంది. 1925లో ఏర్పడ్డ అఖిల భారత చరఖా సంఘం వడికిన నూలును కొని కూలి ఇచ్చే పద్ధతి పెట్టింది. 1935లో వడికేవారికి కనీస కూలి ఉండాలని కూడా తీర్మానించింది. పని నేర్పేవారు ఒకరు, సరుకు తీసుకునేవారు మరొకరు, ఇద్దరూ కలిస్తేనే నేర్చిన విద్య కూడు పెడుతుంది.

కలంకారీ సంగతి వేరు. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టాలి. బెల్లం, తుప్పు ఇనుము పులియబెట్టిన నల్లరంగుతో వెదురు కలం పట్టి గీయాలి. పటిక పట్టించాలి, రంగు ఉడకబెట్టాలి, పారే నీటిలో మళ్లీ మళ్లీ జాడించాలి. నెలల తరబడి చేయి తిరగాలి. పొరుగున శ్రీకాళహస్తిలోనే ఈ విద్య తెలిసినవారు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. కొనేవారు అంతకన్నా తక్కువ. 1952లోనే కేంద్ర ప్రభుత్వం అఖిల భారత హస్తకళల బోర్డును ఏర్పరచింది. కమలాదేవి ఛటోపాధ్యాయ గారి పూనికతో 1957లో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం వచ్చింది. ఆ కేంద్రం కంటే ఐదేళ్ల ముందే నెల్లూరులో ఆడవారి చేతికి కలం ఇచ్చారంటే, కనకమ్మ గారి చూపు ఎంత దూరం సాగిందో తెలుస్తుంది. బోర్డు వంటి అండ మొదటినుంచే ఇలాంటి చిన్న సంస్థలకు దొరికి ఉంటే బాగుండేది.

తరువాతి కాలంలో ఈ పని ప్రభుత్వాలు చట్టాల రూపంలో చేపట్టాయి. 1961లో అప్రెంటిస్‌షిప్ చట్టం వచ్చింది. 1986 సవరణతో ఇంటర్ స్థాయి వృత్తివిద్య చదివినవారికీ పరిశ్రమల్లో శిక్షణ పొందే వీలు కలిగింది.

కె.ఎన్. కేసరి గారు నెలకొల్పిన గృహలక్ష్మి స్వర్ణకంకణం కనకమ్మ గారిని వరించింది. దేశం కోసం, బడి కోసం నగలు, పొలాలు పోగొట్టుకున్న చేతికి ఆ కంకణం తొడిగారు. ఆమె 1963 సెప్టెంబరు 15న కన్నుమూశారు. రాసి పెట్టుకున్న స్వీయచరిత్ర కనకపుష్యరాగం పేరుతో 2011లో గాని అచ్చు కాలేదు. ఆమె భూమి ఇచ్చిన పల్లిపాడు ఆశ్రమం పెన్న గట్టున నేటికీ ఉంది.