టామీ డగ్లస్ – వైద్యాన్ని హక్కుగా మార్చిన నాయకుడు

ఇంట్లో పెద్ద జబ్బు వస్తే బీదవాడు డాక్టరు కంటే ముందు అప్పిచ్చేవాని దగ్గరికి పోవాల్సి వస్తుంది. ఈ బాధను పసితనంలోనే అనుభవించి, తర్వాత తన రాష్ట్రంలో దానికి ఉపాయం చేసిన కెనడా నాయకుడు టామీ డగ్లస్ జీవితాన్ని పాఠక సోదరుల ముందుంచుతున్నాము.

ఆయన 1904లో స్కాట్లండులోని ఫాల్కర్క్‌లో జన్మించారు. తండ్రి ఇనుము పోతపోసే కార్మికుడు. కుటుంబం కెనడాలోని విన్నిపెగ్ నగరానికి వలసపోయింది. పిల్లవాని కాలి ఎముకకు చీము పట్టింది. పెద్ద డాక్టరుకు చూపించే స్తోమతు లేదు. కాలు తీసేయక తప్పదన్నారు. అంతలో పేరుమోసిన సర్జన్ ఒకరు, తన విద్యార్థులు చూసి నేర్చుకునేందుకు ఒప్పుకుంటే ఉచితంగా ఆపరేషన్ చేస్తానన్నారు. కాలు దక్కింది. ఆ కుర్రవాడే 1922లో మానిటోబా రాష్ట్ర బాక్సింగ్ ఛాంపియన్ అయ్యాడు! కాని ఆ డాక్టరు కంట పడని పిల్లల గతి ఏమిటన్న ప్రశ్న ఆయనను వదలలేదు.

1930లో ఆయన సస్కాచెవాన్ రాష్ట్రంలోని వేబర్న్ పట్టణానికి చర్చి పాస్టరుగా వెళ్లారు. వానలు లేక, గోధుమకు ధర లేక రైతులు చితికిపోతున్న రోజులవి. ప్రార్థనతోపాటు మంచి చట్టాలూ కావాలని రాజకీయాల్లోకి దిగారు. 1934లో ఓడిపోయారు. 1935లో పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 1944లో ఆ రాష్ట్రానికి ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి వంటి పదవి, చేపట్టి 17 ఏళ్లు పాలించారు.

ఆరోగ్యశాఖను మొదట తన చేతిలోనే పెట్టుకున్నారు. 1947 జనవరి 1 నుండి తలకు సాలుకు 5 డాలర్లు కడితే దవాఖానా ఖర్చు ప్రభుత్వమే భరించేటట్లు చేశారు. ఖజానా చూసుకుంటూ మెట్టుమెట్టుగా నడిచి, 1961లో డాక్టరు ఫీజులకు కూడా చట్టం తెచ్చారు. ఆ ఏడాదే కొత్త జాతీయ పార్టీ నాయకత్వం కోసం పదవి వదిలారు. 1962 జులై 1న చట్టం అమలులోకి రాగానే డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. అంతకు కొద్ది రోజుల ముందే జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో డగ్లస్ కూడా ఓడిపోయారు. అయినా ఆయన వారసుడు వుడ్రో లాయిడ్ చట్టాన్ని నిలబెట్టారు. 1966లో కేంద్ర చట్టం వచ్చింది. 1972 నాటికి దేశమంతటా ఆ సౌకర్యం విస్తరించింది.

ఆయనలో లోపం లేదని మేము అనము. 1933 నాటి తన పరిశోధనా వ్యాసంలో, మందబుద్ధులనబడేవారికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలని వాదించారు. అది పెద్ద తప్పు. అధికారం వచ్చాక మాత్రం ఆ పని చేయలేదు.

1986 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. 2004లో కెనడా ప్రజలు ఓట్లువేసి తమ దేశపు మహనీయులందరిలో ఆయనకే మొదటి స్థానమిచ్చారు.

సోదరులారా, జకాత్, సదఖాలతో రోగులను ఆదుకోవడం మన విధి, దాన్ని మానరాదు. అయితే మన చెయ్యి అందని ఇల్లు ఏదో ఒకటి ఎప్పుడూ మిగిలే ఉంటుంది. ఆ ఇంటివారికి కూడా వైద్యం హక్కుగా దక్కేటట్లు ప్రభుత్వాన్ని అడగడం కూడా సేవే అని మేము భావిస్తున్నాము.