కీలు మార్చేది సర్జన్.. నడిపించేది మీరే!

మీ అమ్మగారికో, నాన్నగారికో మోకీలు మార్చాలని డాక్టర్ చెప్పారా? ఆపరేషన్ ఖర్చు లెక్కేసుకున్నాక మరో ప్రశ్న మిగులుతుంది. తర్వాత ఫిజియోథెరపీకి ఎంత పెట్టాలి? పెడితే ఫలితం ఉంటుందా? ముందుగా ఒక సర్జన్ కథ వినండి. జవాబు అందులోనే ఉంది.

జాన్ చార్న్లీ 1911లో ఇంగ్లండ్‌లోని బరీలో పుట్టారు. తండ్రిది మందుల దుకాణం, తల్లి నర్సు. మాంచెస్టర్‌లో వైద్యం చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేశారు. ఆ రోజుల్లో బాగా అరిగిన కీలును చాలాసార్లు కదలకుండా అతికించేసేవారు. నొప్పితో పాటు కదలికా పోయేది. చార్న్లీ కూడా మొదట ఆ ఆపరేషన్లతోనే పేరు తెచ్చుకున్నారు.

ఒకసారి ప్లాస్టిక్ తుంటి అమర్చిన రోగి ఒకరు ఆయన దగ్గరకు వచ్చారు. కాస్త వంగితే చాలు, తుంటి కిర్రుమనేది. ఆ చప్పుడుకు మూలం రాపిడి అని గ్రహించి, దాన్ని తగ్గించే దారి వెతికారు. చిన్న ఉక్కు బంతి, దానికి టెఫ్లాన్ గిన్నె, ఎముకకు పట్టి ఉంచేందుకు యాక్రిలిక్ సిమెంట్. సుమారు 300 మందికి అమర్చారు. కర్ర పట్టుకున్నవాళ్లు హాయిగా నడిచారు. అందరూ మెచ్చుకున్నారు.

రెండు మూడేళ్లకే టెఫ్లాన్ అరిగిపోయింది. ఆ పొడి చుట్టుపక్కల కణజాలాన్ని దెబ్బతీసింది. చార్న్లీ దాచలేదు. అదెంత హాని చేస్తుందో చూడటానికి ఆ పదార్థాన్ని తన తొడలోనే పెట్టుకున్నారు. పాడైన కీళ్లను తీసి, మళ్లీ ఆపరేషన్లు చేశారు.

1962లో మరమగ్గాల పళ్లచక్రాలకు వాడే ఒక పాలిథిలిన్ ముక్క వచ్చింది. పనికిరాదని చార్న్లీ తోసిపుచ్చినా, సహాయకుడు హ్యారీ క్రేవెన్ యంత్రంలో పెట్టి చూశారు. మూడు వారాలు తిప్పినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. ఆ ఏడాది నవంబరు నుంచి రోగులకు వాడారు. అయినా తొందరపడలేదు. తన దగ్గర శిక్షణ పొందని సర్జన్లకు ఆ కీలును చాలా ఏళ్లు అమ్మనివ్వలేదు. మరణానంతరం తుంటిని పరీక్షకు ఇమ్మని రోగులను కోరారు. 1977లో సర్ బిరుదు వచ్చింది. 1982లో కన్నుమూశారు.

ఆయన నేర్పింది ఒకటే: మొదట్లో కలిగే హాయిని కాదు, కాలం గడిచాక మిగిలే ఫలితాన్ని కొలవాలి.

ఫిజియోథెరపీనీ అలాగే కొలుద్దాం. 2017లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, మోకీలు మార్చుకున్న 165 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు పది రోజులు ఆసుపత్రిలోనే ఉండి ఫిజియోథెరపీ తీసుకుని, తర్వాత ఇంట్లో కొనసాగించింది. రెండో జట్టు నేరుగా ఇంట్లోనే, పర్యవేక్షణతో వ్యాయామాలు చేసింది. ఆర్నెల్లకు ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఇబ్బందులేవీ లేనివారికి ఖరీదైన ప్యాకేజీ తప్పనిసరి కాదు. వ్యాయామం మాత్రం తప్పనిసరి.

మన దేశంలో 2017 ఆగస్టులో మోకీలు ఇంప్లాంట్ల ధరకు ప్రభుత్వం పరిమితి పెట్టింది. ఎక్కువమందికి వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో జీఎస్టీ కాక రూ.54,720. ఫిజియోథెరపీ ఖర్చుకు అలాంటి హద్దు లేదు. కాబట్టి తెలివిగా ఖర్చు చేయండి.

ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల నుంచి ఎందరో హైదరాబాద్ వెళ్లి ఆపరేషన్ చేయించుకుంటారు. దేవరకొండకో, కల్వకుర్తికో తిరిగొచ్చాక రోజూ ఫిజియోథెరపిస్ట్ దొరకడం కష్టం. నొప్పిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటారు. ఆరు వారాలకు కాలు చాపలేరు, మడవలేరు. మా ఓపీలో తరచూ చూసేది ఇదే.

ఇలా చేయండి

* ఆపరేషన్‌కు ముందే ఒకసారి ఫిజియోథెరపిస్ట్‌ను కలిసి, వ్యాయామాలూ వాకర్ నడకా నేర్చుకోండి.
* డిశ్చార్జి రోజున వ్యాయామాల పట్టిక రాయించుకోండి. ఇంట్లో ఒకరు పక్కనుండి నేర్చుకోవాలి.
* డబ్బు మొదటి ఆరు వారాలపై పెట్టండి. రోజూ ఇంటికి పిలిపించలేకపోతే వారానికోసారి చూపించినా మేలే. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలోనూ అడగండి.
* పక్షవాతం ఉన్నవారికి, ఒంటరిగా ఉండేవారికి, ఆరు వారాలకూ మోకాలు 90 డిగ్రీలు వంగనివారికి నిపుణుల దగ్గర చికిత్స అవసరం. అక్కడ పొదుపు వద్దు.
* పిక్క వాచి నొప్పి పుట్టినా, కుట్ల దగ్గర చీము, జ్వరం కనిపించినా వ్యాయామం ఆపి వెంటనే సర్జన్‌ను కలవండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి.