మూలకములకు సంఖ్య నిచ్చిన హెన్రీ మోస్లీ

భారతమునందు అభిమన్యుని వధ చదువునపుడు కంట తడి పెట్టనివా రరుదు. పదార్థవిజ్ఞాన చరిత్రమునందును అట్టి యువకు డొకడు కలడు. ఆయనయే హెన్రీ మోస్లీ.

మోస్లీ 1887వ సంవత్సరము నవంబరు 23వ తేదీన ఇంగ్లండు దేశమునందలి వేమత్ పట్టణమున జన్మించెను. తండ్రి ఛాలెంజర్ అను నౌకపై సముద్రయానము చేసిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు, ఆక్స్‌ఫర్డునందు ఆచార్యుడు. బాలునకు నాలుగేండ్లు నిండకమునుపే ఆయన గతించెను. మోస్లీ ఈటన్‌నందును ఆక్స్‌ఫర్డునందును విద్య నభ్యసించి, 1910లో మాంచెస్టరునందు రూథర్‌ఫర్డు పండితుని కడ జేరెను.

ఆ కాలమున మూలకములను వాని పరమాణుభారమును బట్టి వరుసగా నిలుపుచుండిరి. కాని ఆ వరుస అక్కడక్కడ తప్పుచుండెను. కోబాల్టు నికెలుకంటె కొంచెము బరువైనది. గుణములను బట్టి చూచినచో కోబాల్టే ముందు నిలువవలసియుండెను. బరువును నమ్మవలెనా, గుణమును నమ్మవలెనా అనునది పండితులకు చిక్కుప్రశ్న యయ్యెను.

1913లో మోస్లీ ఈ చిక్కు విడదీయ బూనెను. ఎలక్ట్రానులు వేగముగా వచ్చి తాకినచో ప్రతి లోహమును తనకే చెల్లిన ఎక్స్‌కిరణములను వెలువరించును. గాలి తీసివేసిన గొట్టములో చిన్న బండిపై లోహపుముక్కలను వరుసగా నమర్చి, పట్టుదారముతో ఒక్కొక్కదానిని ఎలక్ట్రాను ధార యెదుటికి లాగుచు, వెలువడిన కిరణములను స్ఫటికముపై బడనిచ్చి, ఫొటోపలకపై గీతలుగా పట్టెను. ఇత్తడి నుంచగా రాగి గీతలును తుత్తునాగపు గీతలును వేర్వేరుగా గానవచ్చెను. లోహమును కరిగింపకయే అందేమున్నదో తెలియు మార్గ మేర్పడెను.

ఆ కిరణముల పౌనఃపున్యమునకు వర్గమూలము గట్టి చూడగా, ఒక మూలకమునుండి తరువాతిదానికి సమానమైన మెట్టు కనబడెను. గ్రామపటమునందు ప్రతి పొలమునకును సర్వే నంబరున్నట్లు, ప్రతి మూలకమునకును ఒక సంఖ్య కలదని తేలెను. ఆ సంఖ్య పరమాణు కేంద్రకమునందలి ధనవిద్యుత్తు పరిమాణము. భార మెట్లున్నను కోబాల్టు సంఖ్య 27, నికెలు సంఖ్య 28. మఱుసటి యేడు అల్యూమినియము మొదలు బంగారము వఱకు ఈ లెక్క సాగించి, 43, 61, 75 సంఖ్యల స్థానములు ఖాళీగా నున్నవని చూపెను.

ఆ 1914లోనే ఆస్ట్రేలియాలో జరుగు శాస్త్రజ్ఞుల సభకు పోవుచుండగా మహాయుద్ధము మొదలయ్యెను. ఆయన స్వదేశమునకు మరలి స్వచ్ఛందముగా సైన్యమున జేరెను. 1915 ఆగస్టు 10వ తేదీన టర్కీ దేశపు గాలిపోలి రణరంగమున, వార్తలు పంపు అధికారిగా నుండి, గుండు తగిలి కూలెను. అప్పటికి వయస్సు 27 ఏండ్లే. తన ఆస్తినంతయు పరిశోధనల నిమిత్తము రాయల్ సొసైటీకి మరణశాసనము వ్రాసియుండెను. ఆయనకు సమాధి లేదు. అచ్చటి హెల్లెస్ స్మారకముపై వేలకొలది పేర్ల నడుమ ఆయన పేరును చెక్కబడియున్నది.

ఆయన చూపిన ఖాళీలలో 75వది 1925లోను, 43వది 1937లోను, 61వది 1945లోను నిండెను. 2023లో శ్రీహరికోటనుండి వెడలిన చంద్రయాన్-3 బండి, చంద్రుని నేలలో గంధక మున్నదని ఈ మార్గమునను ధ్రువపఱచెను. నేడు నగలోని బంగారమెంతయో, కల్తీ యెంతయో నగ చెడకుండ తెలుపు యంత్రము చదువునదియు ఆ గీతలనే. దానిని చూచినపుడు మన యువకులు ఆ యువకునొకసారి స్మరింతురు గాక.