యల్లాప్రగడ సుబ్బారావు

భీమునిపట్నమున గోస్తనీనది సముద్రములో కలియుచోట, పుష్యమాసమున ఒకనాటి ఉదయము నిలిచి చూచినచో, మనకు చలికాల మెంత సుకుమారమైన ఋతువో తెలియును. తెల్లవారుచుండగా నీటిమీద పలుచని మంచుతెర యుండును. ప్రొద్దెక్కునప్పటి కది విడిపోవును. జాలరులు పడవలను ఒడ్డునకు లాగుచుందురు. మధ్యాహ్నమునకు ఇసుక వెచ్చనగును. ఏడాదిలో మిక్కిలి పొట్టిదైన పగలుకూడ మనకు ఇంచుమించు పదునొకండు గంటలుండును. ఇట్టి తీరమున పెరిగినవారు సముద్రముల కావలనున్న మరియొక రేవుపట్టణమున, పగలు తొమ్మిది గంటలే యుండి, నదులు గడ్డకట్టి, వీధులు మంచుతో నిండిపోవు చలికాలమున చదువుకొనవలసివచ్చినచో ఎట్లుండును? ఆ పట్టణము అమెరికాలోని బోస్టను. మన కోస్తా జిల్లాలనుండి బయలుదేరి యట్టి చలిలో రసాయనశాస్త్రమును సాధించిన మహనీయుడు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. తల్లి వెంకమ్మ. కుటుంబము పెద్దది, రాబడి చిన్నది. తండ్రికి ఆరోగ్యము చెడి ఉద్యోగము మానవలసివచ్చుటచే ఇల్లు గడచుటయే కష్టమయ్యెను.

బాల్యమున సుబ్బారావును చూచినవారెవ్వరును ఇతడు పండితుడగునని తలచియుండరు. పదుమూడేండ్ల ప్రాయమున ఆతడు ఇల్లు విడిచి కాశికి పోదలచెను. వేదాంతము నేర్చుకొనుటకు గాదు. అచ్చటి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని! పెద్దలు దారిలోనే పట్టుకొని వెనుకకు తీసికొనివచ్చిరి. వెంకమ్మగారు కుమారుని బడిమాన్పింపక, పట్టుదలతో చదివించిరి. అయినను సుబ్బారావు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పెను. మదరాసులోని హిందూ హైస్కూలులో చేరి మూడవసారి ఉత్తీర్ణుడయ్యెను. తల్లి తన నగలమ్మి యిచ్చిన ధనము ఆ చదువున కాధారము. పరీక్షలో తప్పినవాడు చదువునకు పనికిరాడని తేల్చివేయుట ఎంత తొందరపాటో సుబ్బారావు జీవితమే చెప్పును.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో ఆయన మనస్సు రామకృష్ణ మఠమువైపు మరలెను. సన్న్యసించి రోగులకు సేవచేయవలెనని కోరిక పుట్టెను. తల్లి అనుమతి లేనిదే మఠమువారు చేర్చుకొనరు. తల్లి అనుమతింపలేదు. సేవయే లక్ష్యమైనప్పుడు దానికి వైద్యవిద్యకూడ మార్గమే గదా యని ఆలోచించి, సుబ్బారావు మదరాసు వైద్యకళాశాలలో చేరెను. 1919లో ఆయనకు శేషగిరితో వివాహమయ్యెను. మామగారు చదువునకు తోడ్పడిరి.

ఆ కాలమున దేశమున స్వాతంత్ర్యోద్యమము సాగుచుండెను. విదేశవస్త్రములను విడువవలెనని గాంధీమహాత్ముడిచ్చిన పిలుపు నందుకొని, సుబ్బారావు శస్త్రచికిత్సాశాలలోనికి సైతము ఖద్దరు ధరించి వెళ్లెను. ఇది ఆంగ్లేయుడైన ఆచార్యునకు నచ్చలేదు. వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసినను, సుబ్బారావునకు ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టము మాత్రమే లభించెను. ఒక వస్త్రమునకై ఆయన చెల్లించిన మూల్యము చిన్నది కాదు. తరువాత చాలకాల మా తక్కువ పట్టము ఆయనను వెంటాడెను.

అంతకంటె ఘోరమైన దెబ్బ ఆ యింట తగిలెను. ఆయన అన్న పురుషోత్తము, తమ్ముడు కృష్ణమూర్తి, సంగ్రహణివ్యాధి సోకి, కొద్దిదినముల వ్యవధిలో ఒకరివెంట నొకరు మరణించిరి. ఈ వ్యాధిలో తిన్న ఆహారము ఒంట పట్టదు. రక్తము క్షీణించును. మనిషి కండ్లయెదుటనే ఎండిపోవును. వైద్యము చదువుచున్న సోదరుడుండియు ఏమియు చేయలేకపోయెను. దానికి మందేదో ఆనాడు ఏ వైద్యగ్రంథములోను లేదు. కొంతకాలమునకు సుబ్బారావునకుకూడ అదే వ్యాధి సంక్రమించెను. ఆయుర్వేద వైద్యుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన ఆయన బ్రతికి బయటపడెను. ఆ కృతజ్ఞతతో కొంతకాలము మదరాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించెను. కాని అన్నదమ్ములను మ్రింగిన వ్యాధి యేమిటి, శరీరములో ఏ పదార్థము లోపించుటవలన రక్తము క్షీణించును అను ప్రశ్న ఆయనను విడువలేదు. దానికి సమాధానము వెదకుటకు అమెరికాకు పోవ నిశ్చయించుకొనెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ వాగ్దానము చేసిన సహాయమును, మామగారు సమకూర్చిన ధనమును ఆధారముగా చేసికొని, భార్యను పుట్టినింట నుంచి, ఓడ యెక్కెను.

ఒక అక్టోబరు మాసపు చివరిదినములలో ఆయన బోస్టను నగరమున దిగెను. చేతిలో ధనము స్వల్పము. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యశాఖలో ప్రవేశము దొరకెను గాని, జీతమిచ్చు విద్యార్థివేతనము దొరకలేదు. మదరాసునుండి తెచ్చిన పట్టము వైద్యశాలలో వైద్యుని యుద్యోగమునకు చాలదనిరి. రోగిని పరీక్షింపగల వైద్యుడు రాత్రివేళ ఒక ఆసుపత్రిలో కూలిపనికి కుదిరెను. రోగుల మలమూత్రపాత్రలను కడుగుట, పడకలను సవరించుట ఆయన పని. రాత్రి చాకిరి, పగలు చదువు. మనవైపు ఎన్నడును ఎరుగని మంచు వెలుపల, ఇంటిపై బెంగ లోపల. ఈ పనిని ఆయన అవమానముగా తలపలేదు. రోగులకు సేవచేయుటకే గదా ఒకనాడు సన్న్యసింపగోరినది!

ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొందిన పిమ్మట సుబ్బారావు హార్వర్డు వైద్యకళాశాలలోని జీవరసాయనశాఖలో చేరెను. అప్పటికి ఆయనకు ముప్పదియేండ్లు కావచ్చినవి. సాటివారు వృత్తిలో స్థిరపడు వయస్సున ఆయన మరల విద్యార్థియై, గాజుగొట్టములను కడిగి, ద్రావకములను కొలుచుటతో చదువు మొదలిడెను. శరీరములో జరుగుచున్నదెల్ల రసాయనక్రియయేయనియు, రోగరహస్యమును ఛేదింపవలెనన్న రసాయనశాస్త్రమే తాళపుచెవియనియు ఆయన గ్రహించియుండెను. అచ్చట ఆయనకు గురువైనవాడు సైరస్ ఫిస్కే.

గురువు అప్పగించిన పని చూచుటకు చిన్నదే. రక్తములోను, మూత్రములోను ఫాస్పరస్ ఎంతయున్నదో కొలుచుటకు సులభమైన పద్ధతిని కనుగొనవలెను. ఫాస్పరస్ మన యెముకలలోను, కండరములలోను, ప్రతి జీవకణములోను ఉండు మూలకము. ఫాస్ఫేటున్న ద్రవమునకు ఆమ్లముతోపాటు అమ్మోనియం మాలిబ్డేటును కలిపి, పిదప దానిని క్షయకరణము చేయు మరియొక పదార్థమును చేర్చినచో నీలిరంగు పుట్టును. ఫాస్ఫేటు ఎక్కువగా ఉన్నచో నీలము చిక్కగను, తక్కువగా ఉన్నచో పలుచగను ఉండును. పరిమాణము తెలిసిన ద్రవపు రంగుతో దీనిని పోల్చిచూచినచో లెక్క తేలును. ఈ సూత్రము పూర్వమున్నదే. కాని రంగు నిలుకడగా వచ్చునట్లును, కొలత తప్పకుండునట్లును చేయగల పదార్థములను ఎన్నుకొనుటయే కష్టము. ఫిస్కే, సుబ్బారావులు దానిని సాధించి 1925లో ప్రకటించిరి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతియను పేరుతో అది లోకమందలి ప్రయోగశాలలన్నిటను వ్యాపించెను.

ఇప్పుడు జరిగిన సంగతిని శ్రద్ధగా గమనింపుడు. ఈ పద్ధతితో కండరములనుండి తీసిన రసమును పరీక్షించినప్పుడు నీలిరంగు వెంటనే పూర్తిగా రాలేదు. మొదట పలుచగా కనబడి, నిమిషములు గడచినకొలది చిక్కనగుచుండెను. తొందరపడువాడైనచో ద్రావకము చెడినదనియో, పాత్ర శుభ్రముగా లేదనియో తలచి ఆ రసమును పారబోసియుండును. గురుశిష్యు లట్లు చేయలేదు. ఆ యాలస్యమునకే కారణమును వెదకిరి. కండరములోని ఫాస్పరస్ కొంత మరియొక పదార్థముతో బంధింపబడియున్నదనియు, పరీక్షాద్రవములోని ఆమ్లమున ఆ బంధము మెల్లమెల్లగా విడిపోవుటచేతనే రంగు ఆలస్యముగా వచ్చుచున్నదనియు తేలెను. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వారు దీనిని వెల్లడించిరి. కండరము పనిచేయునప్పుడు అది తరుగును. విశ్రమించునప్పుడు మరల కూడును.

తరువాత 1929లో కండరమునుండియే వారు అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుచేసిరి. జర్మనీలో కార్ల్ లోమాన్ అను శాస్త్రజ్ఞుడును అదేకాలమున దానిని స్వతంత్రముగా కనుగొనెను. నేడు మీరు విజ్ఞానశాస్త్రపుస్తకములలో ఎ.టి.పి. యని చదువుకొనునది ఇదియే. జీవకణములు శక్తిని వెచ్చించుటకు వాడుకొను నాణెమిది. మీరు ఈ పుట త్రిప్పునప్పుడు మీ వ్రేళ్లను కదలించు శక్తి దీనినుండియే వచ్చుచున్నది. 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయము సుబ్బారావునకు డాక్టరు పట్టము నొసగెను.

అయినను అచ్చట ఆయనకు శాశ్వతమైన ఆచార్యపదవి లభింపలేదు. పది సంవత్సరములు వేచి, 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివర్ అనుచోటనున్న లెడర్లీ ఔషధపరిశోధనశాలలో చేరి, త్వరలోనే పరిశోధనలకు డైరెక్టరయ్యెను. యౌవనమున వెంటాడిన ప్రశ్న అప్పటికిని ఆయన మనస్సులోనే యుండెను. కార్జపురసములో రక్తవృద్ధి చేయు పదార్థ మేదో యున్నదని ఆయన హార్వర్డులోనే వెదకుచుండెను. పెరల్ రివర్‌లో ఆయన నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945 నాటికి ఫోలికామ్లమును ప్రయోగశాలలో తయారుచేయగలిగిరి. అది కొన్నిరకముల రక్తక్షీణతను మాన్పెను. సంగ్రహణిరోగులకును మేలుచేసెను. అన్నదమ్ముల మరణశయ్యలకడ ఏమియు చేయలేకపోయిన సోదరుడు, ఇంచుమించు పాతికయేండ్లకు, ఆ వ్యాధికి మందు తేగలిగెను. వారి కది అందలేదు. కోట్లకొలది ఇతరుల కందినది. నేడు మన యూళ్లలోని ఆరోగ్యకేంద్రములందు గర్భిణులకు ఇనుముతో కలిపి యిచ్చు మాత్రలలో ఉన్నది ఈ ఫోలికామ్లమే.

ఆ యామ్లపు నిర్మాణమును ఇంచుక మార్చినచో దానికి విరుద్ధముగా పనిచేయు పదార్థము లేర్పడును. తాళమునకు సరిపోవునట్లు కనబడుచు, లోపల చిక్కుకొని తాళమును తిరుగనీయని చెవివంటి వవి. వేగముగా పెరుగు రక్తకేన్సరు కణములను ఇవి అడ్డగించును. సుబ్బారావు బృందము తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తకేన్సరుతో బాధపడు పిల్లల కిచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికముగా ఉపశమించుటను 1948లో ప్రకటించెను. ఆ కుటుంబములోనిదే యైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవినాశకమును డాక్టరు బెంజమిన్ డగ్గరు కనుగొన్నదియు సుబ్బారావు డైరెక్టరుగానున్న శాలలోనే. 1947లో అచ్చటనుండియే హెట్రజాన్ వెలువడెను. డైఇథైల్‌కార్బమజైన్ అనునది దాని రసాయననామము. దోమకాటువలన సంక్రమించి, మన కోస్తా జిల్లాలను తరతరములుగా పీడించిన బోదకాలువ్యాధి క్రిములపై పనిచేయు మందిది. ఆ వ్యాధిని రూపుమాపుటకు మన ప్రభుత్వమువారు ఊరూర పంచిన మాత్రలలో ఉన్నదియు ఇదియే.

సుబ్బారావు స్వదేశమునకు తిరిగి రాలేదు. ఒక పని ముగియకమునుపే మరియొక పని మొదలగుచుండెను. ఏండ్లు గడచిపోయెను. శేషగిరమ్మగారు భర్తకై ఎదురుచూచుచు ఇచ్చటనే యుండిరి. వారి కుమారుడు శైశవముననే మరణించెను. లోకము ఆయనకు ఎంత ఋణపడియున్నదో, ఆమెకును అంత ఋణపడియున్నదని మనము మరువరాదు. గొప్ప కార్యములకు మూల్యమును వానిని చేసినవారే కాక, వారి యింటివారుకూడ చెల్లింతురు.

1948వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన, ఏబది మూడేండ్ల ప్రాయమున, సుబ్బారావు న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి మరణించెను. పేరు ప్రతిష్ఠలను ఆయన ఎన్నడును వెదకలేదు. కొత్తమందులు వెలువడినప్పుడు వానిని గూర్చి మాటలాడు అవకాశమును సహచరులకే విడిచి, తాను వెనుక నిలిచెను. అందుచే ఆయన మందులు చేరిన యిండ్లకు ఆయన పేరు చేరలేదు. 1953లో ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని పేరిడిరి. 1995లో, ఆయన జన్మించి నూరేండ్లు నిండినప్పుడు, భారతప్రభుత్వము తపాలాబిళ్లను వెలువరించెను.

విద్యార్థులారా! ఎప్పుడైన మీ పాఠశాల ప్రయోగశాలలో రంగు రావలసినచోట రాకపోయినను, ఆలస్యముగా వచ్చినను విసుగుకొని పారబోయకుడు. గోస్తనీతీరమువంటి వెచ్చని తీరమునుండి పోయి, పొట్టిపగళ్ల చలికాలములలో ఒక గాజుగొట్టము ముందు ఓపికతో నిలిచి, నీలిరంగు ఎందులకు ఆలస్యమైనదని ప్రశ్నించిన తెలుగువాని నొకసారి తలచుకొనుడు.