తాతాచారి కథలకు అచ్చుయోగం కల్పించిన బ్రౌన్

కడప: నగరంలోని ఎర్రముక్కపల్లెలో నేడు సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నెలకొన్న స్థలంలోనే ఒకనాడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ బంగళా ఉండేది. నిఘంటుకర్తగా, వేమన పద్యాల ఉద్ధారకునిగా ఆయన సుప్రసిద్ధులు. జనం నోట నలిగిన కథలను సేకరించి అచ్చు వేయించిన సంగతి మాత్రం కొందరికే తెలుసు.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. 1817లో మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అభ్యసించారు. 1820లో ఉద్యోగరీత్యా తొలిసారి కడపకు వచ్చారు. 1826లో తిరిగి వచ్చి ఇక్కడ బంగళా కొన్నారు. పండితులను నియమించి, జీతాలు తానే చెల్లిస్తూ తాళపత్ర ప్రతులను పరిష్కరింపజేశారు. అందుకోసం అప్పులూ చేశారు. ఆ బంగళాను జనం బ్రౌన్ కాలేజీగా వ్యవహరించేవారు. జూలూరి అప్పయ్య ఆయన పండితులలో ముఖ్యులు. 1829లో 693 వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించారు.

అధికారిగా ఆయన జీవితం సాఫీగా సాగలేదు. గుంటూరు సీమ కరవు నాటి సహాయక చర్యల విషయమై పై అధికారులతో విభేదించి 1834లో కొలువు కోల్పోయారు. లండను వెళ్లి, కొన్నేళ్లకు తిరిగి వచ్చి కుంఫిణీలో పర్షియన్ అనువాదకునిగా చేరారు. 1852లో తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు వెలువడింది. అందులో కావ్యభాషతోపాటు ఇంటా వీధిలో వినిపించే మాటలకూ చోటిచ్చారు.

తాతాచార్యులు చెప్పిన కథల సంపుటిలోనూ అదే దృష్టి కనిపిస్తుంది. 1855లో వెలువడిన ఆ కథలను గ్రాంథికంలోకి మార్పించకుండా, మాట్లాడే తెలుగులోనే ముద్రింపజేశారు. వాడుక భాషకు పండితుల ఆదరణ లేని రోజులవి. గిడుగు ఉద్యమానికి అర్ధశతాబ్దం ముందే జరిగిన సాహసమిది. నాటి నిత్య వ్యవహారంలోని తెలుగు ఎలా ఉండేదో తెలుసుకోగోరేవారికి ఇంతకంటే మంచి ఆధారాలు తక్కువ.

ఆ ఏడాదే బ్రౌన్ స్వదేశానికి తరలివెళ్లారు. 1865లో లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యులయ్యారు. అవివాహితునిగానే జీవించి 1884 డిసెంబరు 12న కన్నుమూశారు.

కడప బంగళా కాలక్రమంలో శిథిలమైంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో విరాళాలు సేకరించి అక్కడే గ్రంథాలయ నిర్మాణానికి పూనుకున్నారు. అదే తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. విచిత్రమేమంటే, బ్రౌన్ సేకరించిన రాతప్రతులను చూడాలంటే నేటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత భాండాగారానికి వెళ్లవలసిందే.