పావులూరి మల్లన

పావులూరి మల్లన తెలుగులో తొలి గణితశాస్త్ర గ్రంథం రచించిన కవి. ఇతని సారసంగ్రహ గణితము "పావులూరి గణితము" అనే పేరుతో ప్రసిద్ధి చెందినది.

జీవిత విశేషాలు

ఇతని స్వస్థలం కమ్మనాటిలోని పావులూరు (నేటి బాపట్ల జిల్లా). రాజరాజ నరేంద్రుని వలన నవఖండవాడ అగ్రహారం పొందినది ఇతడేనని, కనుక నన్నయకు సమకాలికుడని కొందరు పండితుల అభిప్రాయం. ఆ మల్లన ఇతని తాత అని, కవి 12వ శతాబ్దికి చెందినవాడని మరికొందరి వాదన.

రచన

9వ శతాబ్దికి చెందిన జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుని సంస్కృత గ్రంథం గణితసారసంగ్రహం దీనికి మూలం. మల్లన యథాతథ అనువాదం చేయక, సొంత లెక్కలను కూడా చేర్చాడు. చదరంగపు 64 గళ్ళలో ఒకటితో మొదలిడి రెట్టింపు చేసుకుంటూ పోగా వచ్చే మొత్తం 18446744073709551615. ఈ 20 అంకెలను ఒకట్ల స్థానం మొదలుకొని సంకేత పదాలతో ఒకే పద్యంలో ఇమిడ్చాడు. అందులో శర మంటే 5, శశి అంటే 1.

సంభావ్యతకు పూర్వరంగం

సంభావ్యతా శాస్త్రం ఐరోపాలో 1654లో పాస్కల్, ఫెర్మాల లేఖలతో ఆరంభమైనది. దానికి పునాది అయిన సంయోగాల సామాన్య సూత్రం మహావీరుని గ్రంథంలో కలదు. కోడిపందెపు లెక్క కూడా అందులోనిదే. ఒకడు ఇద్దరు పందెగాళ్ళతో రహస్యంగా ఒప్పందం చేసుకుంటాడు. గెలిస్తే పందెపు సొమ్ము అతనికివ్వాలి; ఓడితే మొదటివానికి పందెంలో 2/3 వంతు, రెండవవానికి 3/4 వంతు అతడిస్తాడు. ఎవరు గెలిచినా అతనికి లాభం 12 నాణేలే. అయితే పందేలెంత? జవాబు 42, 40. మొదటివాడు గెలిస్తే 42 నుండి 30 పోను 12. రెండవవాడు గెలిస్తే 40 నుండి 28 పోను 12.

సూత్రం చెప్పి, వెంటనే అభ్యాసానికి లెక్క ఇచ్చే ఈ బోధనా పద్ధతిని సంస్కృతం రాని తెలుగువారికి అందించినవాడు మల్లన.