అధ్యాపకుడుగా గిడుగు రామమూర్తి పంతులుగారు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని (1863–1940) లోకము వ్యావహారికభాషోద్యమ నాయకులుగా ఎరుగును. వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీ తెలుగు భాషా దినోత్సవముగా జరుపబడుచున్నది. పాఠశాలా సంప్రదాయమున చదివిన మావంటివారి చెవిని వారి నామము వేరొక విధముగా పడినది. 1960 తరువాతి సంవత్సరములలో నేను లఘుకౌముది చదువుకొనుచుండగా, వ్యాకరణమునకు కీడు తలపెట్టినవారనియే మా పెద్దలు వారిని గూర్చి చెప్పుచుండిరి. వారి రచనలను చేతబట్టి చదివినవారు మాలో లేరు. నేనును పాఠము చెప్పుట విరమించిన పిదపనే వానిని శ్రద్ధతో చదివితిని. చదువగా తోచినదేమనగా, శాసనపరిశోధనము, సవరభాషాకృషి, వ్యావహారికవాదము అను వారి మూడు వ్యవసాయములును తరగతి గదిలోనే పుట్టినవి. ఆ దృష్టితో వారి చరిత్రను ఇచట చెప్పెదను.

శ్రీకాకుళమునకు ఉత్తరమున వంశధారాతీరమునందలి పర్వతాలపేట వారి జన్మస్థలము. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. ప్రభుత్వపు కొలువున నుండిన తండ్రి చోడవరమునకు బదిలీయై, అచట 1875లో విషజ్వరముచే మృతినొందిరి. అప్పటికి రామమూర్తిగారికి పండ్రెండేండ్లు. విజయనగరమున మేనమామగారి ఇంట నుండి చదువుకొని 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులైరి. మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై, మొదటి ఫారమునకు చరిత్ర చెప్పు ఉపాధ్యాయులుగా చేరిరి. తండ్రి లేని బాలుడు పదునేడవ యేట దొరకిన పనిలో చేరుట వింత గాదు. దానిని వృత్తి నెన్నుకొనుట యనరాదు. ఎన్నిక పిదప జరిగినది. ఇంటనే చదువుకొని 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలు నెగ్గిరి. పట్టము చేతికి వచ్చినను ఆ ఊరిని విడువలేదు, ఆ వృత్తిని విడువలేదు. పాఠశాల కళాశాల యగుటచే పై తరగతులకును పాఠము చెప్పు అర్హత కలిగినది. ఆ పట్టమును వారు వినియోగించుకొన్నది అందులకే.

చరిత్ర బోధించువారిలో పెక్కురు అచ్చుపుస్తకమునే బోధింతురు. పర్లాకిమిడికి సమీపమున శ్రీముఖలింగక్షేత్రము కలదు. అచటి మధుకేశ్వరాది ఆలయములందు గాంగరాజుల శాసనములు పెక్కులు చెక్కబడియున్నవి. కండ్ల యెదుట చరిత్ర యుండగా పుస్తకముతో సరిపుచ్చుటకు పంతులుగారి మనస్సు ఒప్పలేదు. ప్రాచీనలిపిని నేర్పు గురువు లేకున్నను, అక్షరముతో అక్షరమును పోల్చుకొని తామే లిపిపరిణామమును గ్రహించిరి. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును (శక 979) పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున ప్రకటించిరి. గాంగుల రాజధానియైన కళింగనగరము ముఖలింగమే యని ప్రతిపాదించిరి.

ఇక సవరభాషాకృషి. ఇచట కొంత నిలువవలెను. పర్లాకిమిడి సమీపపు కొండలలో సవరలు నివసింతురు. వారి మాట ఊరివారికి తెలియదు, ఊరివారి చదువు వారికి అందదు. వారికి చదువు చెప్పవలెనను కోరిక పంతులుగారికి కలిగినది. ఏ భాషలో చెప్పవలెను? భరతముని నాట్యశాస్త్రమున శబరుల భాషను విభాషలలో పరిగణించెను. ఆ శాబరియు నేటి సవరయు ఒక్కటియే యగునా యనునది వేరు విచారము. మన లాక్షణికులు ఆ పేరును తరతరములుగా వల్లించిరే కాని, కొండ యెక్కి ఆ జనుల నోట వారి మాటను విని లక్షణము వ్రాయ పూనుకొన్న వానిని నేనెరుగను. పంతులుగారు తెలుగును సవరయు వచ్చిన యొకనిని తమ ఇంటనే యుంచుకొని, వానికి శిష్యులై ఆ భాషను అభ్యసించిరి.

సవర ముండా కుటుంబమునకు చెందిన భాష. తెలుగుతో గాని ఓఢ్రముతో గాని దానికి జ్ఞాతిత్వము లేదు. కంఠమున ఊపిరి తటాలున నిలిచిపోవుటచే కలుగు ధ్వని యొకటి దానియందు కలదు. దానికి మన వర్ణమాలలో అక్షరము లేదు. కర్మవాచకమైన నామము క్రియలోనే యిమిడి అంతయు నొక్క పదముగా వినబడుట మరియొక విశేషము. పాణినీయమును గాని బాలవ్యాకరణమును గాని ముందిడుకొని ఇట్టి భాషకు లక్షణము వ్రాయుట సాధ్యము గాదు. వినుటయే దారి. అట్లు విని, సవరభాషలో పుస్తకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవర బాలురకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. ఆ ధనము బడిపంతులు జీతమునుండి మిగిల్చినదని గుర్తుంచుకొనవలెను. అడవిజ్వరములకు సేవించిన క్వినైను వలన వారి వినికిడి దెబ్బతిన్నది. చెవితో సాధించిన విద్యకు చెవినే మూల్యముగా ఇచ్చిరి. 1913లో ప్రభుత్వము బిరుదు నొసగినది. ఆంగ్లమున వారు రచించిన సవర వ్యాకరణమును 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వము ముద్రించెను. నిఘంటువు వెలువడునాటికి వారికి డెబ్బదియైదేండ్లు. బాలురకు బడి కొరకు మొదలిడిన పని అంతవరకు సాగినది.

వ్యావహారికవాదము కూడ ఒక పాఠమునుండియే మొదలైనది. 1907లో జె. ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తరపు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, చిన్న తరగతులలో తెలుగు బోధించు తీరును చూచి, పుస్తకముల భాషకును ప్రజల భాషకును ఇంత యెడమెందులకని విచారించెను. పంతులుగారు, వారి సహాధ్యాయులైన గురజాడ అప్పారావుగారు, విశాఖపట్టణమునందలి పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను చేపట్టిరి. సవర బాలునకు వాని మాటలో చదువు చెప్పినవారికి, తెలుగు బాలునకు వాని మాట ఎందులకు నిషిద్ధమైనదను సందేహము కలుగుట సహజము. 1911లో ముప్పదియేండ్ల కొలువు ముగిసినది. 1919లో కందుకూరి వీరేశలింగం పంతులుగారి అధ్యక్షతన వ్యావహారికభాషా సమాజము ఏర్పడినది. ఆ యేడే రామమూర్తిగారు తెలుగు అను మాసపత్రికను స్థాపించిరి. జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పండితులతో జరిగిన వాదములు సుప్రసిద్ధములు గావున విస్తరింపను.

ఒక్కమాట మాత్రము చెప్పవలెను. పంతులుగారు ప్రాచీనకావ్యములను విడువుడని చెప్పినవారు గారు. వారికి గల కావ్యపరిచయము ప్రతివాదులలో పలువురకు లేదు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము అను గ్రంథమున, గ్రాంథికమే వ్రాయుదుమను పండితుల రచనలలోని తప్పులను, విద్యార్థి పుస్తకము దిద్దినట్లు వరుసగా చూపిరి. ఆ దిద్దుటలో కొంత కాఠిన్యము కలదని నేటికిని నా అభిప్రాయము. పెద్దలను అంత పరిహసింపనక్కరలేదు. కాని చూపిన తప్పులు తప్పులే. నేనును ఈ వ్యాసమును గ్రాంథికచ్ఛాయలోనే వ్రాయుచున్నాను. చేయి అలవాటు పడిన త్రోవ అది. పంతులుగారు దీనిని దిద్దినచో ఎన్ని గీతలు పడునో!

నా అనుభవము నొకటి ఇచట చెప్పుట అప్రస్తుతము గాదనుకొందును. కొలువులో చేరిన క్రొత్తలో నేను రఘువంశము ద్వితీయసర్గ చెప్పుచు, టీకాతాత్పర్యములను పొల్లుపోక అప్పగించిన విద్యార్థినే ఉత్తమునిగా ఎంచుచుంటిని. ఒకనాడు అట్టివానిని, దిలీపుడు గోవు నెందులకు సేవించెనో ఇంట అమ్మకు చెప్పునట్లు చెప్పుమంటిని. వాడు తల వంచుకొని నిలుచుండెను. దోషము వానిది గాదని తెలిసికొనుటకు నాకు చాలకాలము పట్టినది. పంతులుగారి రచనలను చదువునపుడు ఆ బాలుడే పలుమారులు నాకు స్ఫురించెను.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరినది. అర్ధశతాబ్దికి మించి నివసించిన ఆ ఊరిని విడిచి పంతులుగారు రాజమహేంద్రవరమునకు తరలివచ్చిరి. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికాసంపాదకులను కలిసికొని, విద్యాబోధనయందు సజీవమైన భాషను వాడవలసిన అవసరమును గూర్చి మరియొకమారు విన్నవించిరి. పాఠ్యపుస్తకములు అప్పటికిని గ్రాంథికముననే యుండెను. వారము దినములకు, జనవరి 22న, పరమపదించిరి.